ఏడో నంబరు వేడిపెట్టె

నెలలు నిండని పిల్లల వార్డులో ఆరో వేడిపెట్టె నుంచి తీగ ఊడదీసి, మూత మీద ‘వెడల్పయింది’ అని చీటీ అంటించింది ఆసుపత్రి యంత్రాలు చూసే వసుంధర. 2038 జనవరి పంతొమ్మిది, పొద్దున్న ఎనిమిదీ పది. పాత గడియారాలన్నీ ఎనిమిదీ నలభై నాలుగుకి నిండిపోతాయి. సెకన్ల లెక్క ముప్పై రెండు గళ్ళలో ఇక పట్టదు. గళ్ళు అరవై నాలుగు చెయ్యకపోతే, ఆ మరుక్షణం యంత్రం 1901లో కళ్ళు తెరుస్తుంది.

ఏడో పెట్టెలో నిన్న పుట్టిన పాప. తొమ్మిది వందల గ్రాములు. అద్దానికి అరచెయ్యి ఆనించి తల్లి పైడమ్మ.

“దీన్నీ ఆపెత్తారేటమ్మా? పిల్ల సల్లబడిపోదా?”

గళ్ళు పెంచడానికి పన్నెండు నిమిషాలు ఆపాల్సిందే. మిగతా పిల్లల్ని ఒక్కొక్కరిగా ఖాళీగా ఉన్న పదకొండో పెట్టెలోకి మార్చి పని కానిచ్చింది. కిలో లోపు బిడ్డని పెట్టె మార్చకూడదని, పెట్టెలన్నిటినీ దూరం నుంచి నడిపే మూలకేంద్రం నియమం. ‘ఏడోది ఆపవద్దు. గడియారం ఇరవై ఎనిమిదేళ్ళు వెనక్కి తిప్పండి. తేదీలకి వారాలు సరిపోతాయి’ అని అక్కడి నుంచే సలహా.

ముందు ఖాళీ పెట్టెలో పాప వివరాలు కొట్టి, గడియారం తిప్పి చూసింది. తెర మీద ఎర్రటి అక్షరాలు: ‘బిడ్డ ఇంకా పుట్టలేదు.’ వేడి ఆగిపోయింది.

మూలకేంద్రాన్ని అడిగితే, జవాబుకి నలభై నిమిషాలంది.

“గుండెల మీద వేసుకోమందాం,” అంది నర్సు గ్రేసమ్మ. “తల్లి ఒంటి వేడి చాలు.”

“మరి నియమం?”

“దానికి చలేస్తే దుప్పటి కప్పుదాంలే.”

పాపని తల్లి రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి, పైన శాలువా చుట్టింది గ్రేసమ్మ. పెట్టె ఆపబోతే తెర ఒప్పుకోలేదు: ‘బిడ్డ ఏ పెట్టెలో?’ వసుంధర పెట్టెల జాబితాలో కొత్త వరస తెరిచింది. పన్నెండో వేడిపెట్టె: పైడమ్మ. గడియారం: లేదు.

ఎనిమిదీ నలభై నాలుగు దాటింది. ఏడో పెట్టె సరైన తేదీతో వెలిగింది. పాప ఒంటి వేడి ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది.

“ఇంకాసేపుంచండమ్మా,” అంది పైడమ్మ గుసగుసగా. “నా గుండె సప్పుడికి నిద్దరోతంది.”

తెర మీద మూలకేంద్రం జవాబు: ‘బిడ్డను ఏడో పెట్టెకు మార్చండి. పన్నెండో పెట్టెలో కాలం చదవలేకపోతున్నాం. జిల్లాలో సరిచేసిన పెట్టెల జాబితా ముగియడం లేదు.’

గ్రేసమ్మ పాప పాదాలు తాకి చూసి తలూపింది. వసుంధర ‘మార్చను’ నొక్కింది. ఎక్కడో హెచ్చరిక గంట మోగడం మొదలైంది.

మూడో పెట్టె దగ్గర కూర్చున్న తల్లి లేచి వచ్చింది. “మేడంగారూ, నన్నూ రాయరా?”

వసుంధర పదమూడు అని కొట్టింది.

“పేరు చెప్పమ్మా.”