ఎడమచేతి టేపు

"బైపాస్ వాల్వ్ తెరిచింది నువ్వే కదా?"

సుప్రజ సూటిగా అడిగింది. దిలీప్ చేతిలోని స్పానర్ బల్ల మీద పెట్టాడు.

యూనివర్సిటీ కెమికల్ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో ఇద్దరూ రీసెర్చ్ స్కాలర్లు. రియాక్టర్లోకి గాలి చొరబడకుండా ఫ్యాక్టరీలు ఆపకుండా నైట్రోజన్ వదులుతుంటాయి. అంత అక్కర్లేదు, ప్రెషర్ తగ్గినప్పుడు మాత్రమే ఇస్తే సగం చాలని సుప్రజ వాదం. గాలి చొరబడితే పేలుతుందని మొదటిరోజే అడ్డం తిరిగాడు, ల్యాబ్ సేఫ్టీ చూసే దిలీప్. అప్పట్నుంచీ రోజూ గొడవే. క్యాంటీన్‌లో కూడా.

ఈ సాయంత్రం వాళ్ల గైడ్ అరుంధతి మేడం, ప్రాజెక్టుకు డబ్బిచ్చే కంపెనీవాళ్లను తీసుకొస్తారు. ఆదా చూపించకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది. అప్పుడు వైజాగ్‌లో మామయ్య చూసిపెట్టిన ఉద్యోగానికి సుప్రజ వెళ్లాల్సిందే. రియాక్టర్‌కు నైట్రోజన్ ఇచ్చే వాల్వ్ మూసే ఉంది. నైట్రోజన్ మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది, అంటే ఆ వాల్వ్‌ను తప్పించే పక్కదారి బైపాస్‌ను ఎవరో తెరిచి ఉండాలి.

"నేను ఓడిపోవాలని నీకు మొదట్నుంచీ ఉంది."

"నువ్ ఓడిపోతే వైజాగ్ పోతవ్," అన్నాడు దిలీప్. "నువ్ పోవాల్నని నాకెందుకుంటది సుప్రజా?"

ఆమె మీటరు వైపు తిరిగింది. ఆ ల్యాబ్‌లో వాళ్లిద్దరూ ఒకేసారి నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

అప్పుడు వినిపించింది. సన్నగా, స్స్‌స్ మని.

ఇద్దరూ సిలిండర్ వైపు పరిగెత్తారు. సబ్బునీళ్లు పూయగానే పైపు జాయింటు దగ్గర బుడగలు ఉబ్బాయి. పోయిన వారం ఆమెకు సాయంగా దిలీప్ బిగించిన జాయింటే. గ్యాస్ కట్టేసి విప్పితే, పైపు థ్రెడ్ల మీద లీకవకుండా చుట్టిన తెల్ల టేపు ఊడి ముద్దయి ఉంది.

"ఎడమచేత్తో చుట్టావా?"

"నాది ఎడమచెయ్యే గద."

"బిగించే వైపు చుట్టాలి. నువ్వు ఎదురు చుట్టావ్, సేఫ్టీ సారూ."

అతని మొహం చూసి ఆమెకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. కొత్త టేపు అతని చేతికిచ్చి, ఆ వేళ్ల మీద తన వేళ్లుంచి, సరైన వైపు చుట్టించింది. చిన్న పనే. ఇద్దరూ తొందరపడలేదు.

గ్యాస్ మళ్లీ వదిలినా మీటరు తిరగలేదు. సుప్రజ స్టూలు మీద కూలబడింది.

సాయంత్రానికి వాడకం సగానికి దిగింది. మేడం రెండుసార్లు చూసుకుని తలూపారు. కంపెనీవాళ్లు ఇంకో ఏడాదికి సరేనన్నారు.

తార్నాక మెట్రో దాకా వాన. ఒకటే గొడుగు. స్టేషన్ మెట్ల దగ్గర అతను సారీ చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు.

"రానని మామయ్యకి ఫోన్ చేసేశా. ఎందుకని అడిగాడు."

"ఏం జెప్పినవ్?"

"ఇక్కడొకడికి టేపు చుట్టడం నేర్పాలి, చాలా ఏళ్లు పడుతుందన్నాను."