గొర్రెపిల్లకి ప్లాస్టర్

"ఎవరికి విరిగిందండీ?" అని అడిగాను.

"గొర్రెపిల్లకి" అంది.

మెర్సీతో నా మొదటి మాటలు ఇవే. ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది. మా ఆసుపత్రి సిబ్బందిలో చాలామంది బస్సులెక్కి వెళ్ళిపోయారు. విరిగిన కాళ్ళకీ చేతులకీ కట్టు వేసే ప్లాస్టర్ గదిలో నేనొక్కణ్ణే మిగిలాను. కొత్త సరుకు రావడం ఆగిపోవడంతో ఉన్న డబ్బాలని కన్నబిడ్డల్లా కాపాడుకుంటున్నాను. అలాంటప్పుడు కాలిన గాయాల వార్డు నర్సొకామె వచ్చి, గొర్రెపిల్లకని చెప్పి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అడిగితే ఒళ్ళు మండదా మరి?

"ఏంటండీ, ఎగతాళా?"

"కాదండీ. క్రిస్మస్‌కి పశువుల పాక చేద్దామని. బాలయేసు, మరియమ్మ, జోసెఫ్, రెండు గొర్రెపిల్లలు. బొటనవేలంత బొమ్మలే. ఎక్కువ అక్కర్లేదు."

"ఇది అక్టోబరండీ."

"తెలుసు. డిసెంబరు దాకా ఉంటామో లేదో తెలీదు కదా, అందుకే ముందుగా చేసేస్తున్నాను."

కూరలో ఉప్పు తగ్గింది అన్నంత మామూలుగా అందా మాట. నా కోపం చల్లారిపోయింది.

"మీరు ఆర్సీఎం వాళ్ళా, క్యాథలిక్కులా?" అన్నాను.

"ఆయ్. నరసాపురం దగ్గర. మీరో?"

"తాడేపల్లిగూడెం. లూథరన్లం. మాకు బొమ్మలుండవు. నక్షత్రం కడతాం, పాటలు పాడతాం, ఖలాస్."

"బొమ్మలు లేకపోయినా డబ్బాల మీద భక్తి బాగానే ఉందండీ మీకు!"

మూత సరిగ్గా పడక తేమ తగిలిన డబ్బా ఒకటుంది. మనుషుల కాళ్ళకి ఇక పనికిరాదు. అది ఆమె చేతిలో పెట్టాను. పెట్టినవాణ్ణి ఊరుకోవచ్చుగా! "బొమ్మలు చేయడం వచ్చా?" అని అడిగాను.

"రాదు. మీరు చెబుతారుగా" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఒక ట్రే నిండా సామాను తెచ్చింది. ఆసుపత్రి పారేసిన వంకర కత్తెరలు, మొద్దుబారిన సర్జికల్ కత్తులు, పళ్ళ డాక్టరు వదిలేసిన కొక్కేలు, చిమటాలు. చూస్తే ఆపరేషన్ థియేటరు మొత్తం దిగినట్టుంది.

"ఇవన్నీ ఎందుకండీ?"

"ఏది కావాలో తెలీక అన్నీ తెచ్చాను."

"కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే. రేపు బొమ్మ చెడితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు కత్తి మొద్దంటారు. చెక్కడానికి సన్న కత్తి ఒకటి, గీయడానికి కుట్టుసూది ఒకటి, పట్టుకోవడానికి చిమటా ఒకటి. తక్కినవన్నీ తీసుకుపోండి."

"గొర్రె కాళ్ళకి?"

"పిన్నీసు విరిచి లోపల పెడితే నిలబడుతుంది. ఉత్త ప్లాస్టర్‌తో చేస్తే నాలుగు కాళ్ళూ రాలిపోతాయి. అప్పుడు నిజంగానే నా దగ్గరకి కట్టు కోసం రావాలి."

నవ్వింది. ఆ నెలలో ఆ ఆసుపత్రిలో నేను విన్న మొదటి నవ్వు అదేనేమో. దాన్ని మళ్ళీ వినాలని నాకు ఆశ పుట్టిందని ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

నీళ్ళలో పొడి చల్లాలే గాని పొడిలో నీళ్ళు పోయకూడదని చెప్పాను. బుడగలు ఆగేదాకా వేలు పెట్టొద్దన్నాను. పెట్టింది. తిట్టాను. "మా వార్డులో రోగుల్ని కూడా నేనిలా కసరనండీ" అని మూతి ముడిచింది.

బొమ్మలు చెక్కడం అయ్యాక రంగుల సంగతి వచ్చింది. ఊళ్ళో దుకాణాలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని దోపిడీ అయ్యాయి. అందుకని ఉన్నవాటిలోనే ఏరుకున్నాం. మరియమ్మ బట్టలకి పుళ్ళకి రాసే ఊదారంగు మందు, బాలయేసు దుప్పటికి మెర్క్యురోక్రోమ్ ఎరుపు, జోసెఫ్‌కి అయొడిన్ గోధుమరంగు. మూడే మూడు. నాలుగోది అడిగితే ఊరుకోనని ముందే చెప్పాను.

కుంచె ఒక్కటే దొరకలేదు.

"మీ జడలోంచి నాలుగు వెంట్రుకలిస్తే కట్టేస్తాను" అన్నాను. నిజంగా కుంచె కోసమే అన్నాను. అంత ఖచ్చితంగా చెప్పలేనులెండి.

"ఏం అక్కర్లేదు. వంటశాల వెనక పిల్లులున్నాయి, వాటినడగండి!"

అడిగాను. తోక చివర కాసిని వెంట్రుకలు కత్తిరించేసరికి వాటిలో ఒక గోధుమరంగు పిల్లి నా చెంప మీద నిలువునా గీరింది. వెంట్రుకల్ని కుట్లు వేసే దారంతో బిగించి, సూది తొడుగులో దూర్చి కుంచె చేసి పట్టుకెళ్ళాను. మెర్సీ కుంచె వైపు చూడనే లేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, మరియమ్మ కోసం దాచిన ఊదారంగు మందే నా చెంపకి పూసింది.

"నేను వేళాకోళానికన్నానండీ. నిజంగా వెళ్తారేంటి?" అంది. నేను మందు మండుతోందని అబద్ధం చెప్పి కళ్ళు మూసుకున్నాను.

తర్వాతి రోజు ఏడుపు మొహంతో వచ్చింది. చేతిలో మరియమ్మ బొమ్మ ఉంది. బట్టలకి వేసిన రంగు ప్లాస్టర్‌లోకి ఇంకి, పైకి పాకి, ముఖమంతా నీలమైపోయింది. నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వండి. మీకు బొమ్మే" అంది. "నిన్న పొద్దున్న మా వార్డులో ఒకావిడ పోయిందండీ. ముఖం ఇలాగే అయిపోయింది."

గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

తప్పు ఆమెది కాదు, నాది. రంగు వేసే ముందు ప్లాస్టర్‌కి గంజి పట్టించి ఆరబెట్టాలని చెప్పడం మర్చిపోయాను. సాయంత్రం వంటశాలలో అన్నం వార్చిన గంజి గిన్నెలో పట్టుకుని వాళ్ళ వార్డు గుమ్మంలో నిలబడ్డాను.

"దిద్దుకుందామా అండీ?" అన్నాను.

చేతిలో కట్టు ముగించాకే గుమ్మం దాకా వచ్చింది. తర్వాత, "గంజి వేడిగా ఉందా, చల్లారిందా?" అంది. క్షమించిందన్నమాట.

ముఖం మీద పైపొర గీకి గంజి పూశాం. ఆరిన తర్వాత పిల్లి వెంట్రుకల కుంచెతో ఆమే కళ్ళు దిద్దింది. మరియమ్మ ఈసారి చక్కగా చూసింది.

పాక పూర్తయిన రోజు రత్నమణి అక్క చూడటానికి వచ్చింది. మెర్సీ వార్డులో మిగిలిన రెండో నర్సు ఆవిడే. వయసులో పెద్దది, మా అందరికీ తల్లిలాంటిది. కళ్ళజోడు సర్దుకుని బొమ్మల మీదికి వంగింది.

"మెర్సీ! జోసెఫ్ గారి చెంప మీద ఈ ఊదా గీత ఏంటే?"

మెర్సీ ముఖం మెర్క్యురోక్రోమ్ పూసినట్టయింది. అక్క నా చెంప వైపు చూసింది, మళ్ళీ బొమ్మ వైపు చూసింది. "లూథరన్ జోసెఫా!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ వారమే బస్సు కబురు వచ్చింది. బాగ్దాద్ మీదుగా అమ్మాన్, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి. మాలాంటివాళ్ళకి ఇదే ఆఖరి బస్సని అందరూ చెప్పుకున్నారు. నాకు చోటు దొరికింది. అడిగితే మెర్సీకి కూడా దొరుకుతుందన్నారు.

"నాతో రండి" అన్నాను.

"పక్కమీద తిరగలేనివాళ్ళని వదిలి ఎలా వస్తానండీ? అక్క ఒక్కతే ఎంతమందికని కట్లు మారుస్తుంది?"

"అయితే నేనూ ఉండిపోతాను."

"వద్దు!" గట్టిగా అంది. "నా కోసం ఉండి మీకేదైనా అయితే? ఆ బరువు నేను మోయలేను. మీ అమ్మకి ఏం చెప్పుకోవాలి? వెళ్ళండి. నా మీద ఏమాత్రం ఇష్టమున్నా వెళ్ళండి."

ఇష్టముంటే వెళ్ళమనడం ఎక్కడి న్యాయం? చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. నేను ఆమెకి బరువా? పొద్దున్నే సంచీ పట్టుకుని బస్సెక్కి కూర్చున్నాను. మెర్సీ బయటికి రాలేదు. నేను మాత్రం కిటికీలోంచి గుమ్మం వైపే చూస్తున్నాను.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. అప్పుడే ఒక పికప్ వచ్చి ఆగింది. వెనక రాయచోటి మనిషి నూర్ బాషా, కూరగాయలు తోలే డ్రైవరు, పడుకుని కేకలు పెడుతున్నాడు. ఏదో లారీ గుద్దిందట. మోకాలి కింద ఎముక చర్మం లోపల వంకరగా కనబడుతోంది. దానికి కట్టు వేయాల్సినవాణ్ణి నేను. ఆ ఆసుపత్రిలో నేను తప్ప ఇంకొకడు లేడు.

"యల్లా, యల్లా!" అని బస్సు డ్రైవరు తొందరపెడుతూ అరిచాడు. ఆగడని నాకు తెలుసు. తెలిసే, సంచీ సీట్లోనే వదిలి దిగాను.

కాలు సరిచేసి తడి కట్టు చుడుతుంటే బస్సు వెళ్ళిన చప్పుడు వినబడింది.

"అన్నా, నీ బస్సు పోతాండాది కదన్నా!" అన్నాడు నూర్ బాషా, అంత నొప్పిలోనూ.

"పోనీ తమ్ముడూ. నువ్వు కాలు కదపొద్దు."

తలుపు దబ్బున తెరుచుకుంది. మెర్సీ రొప్పుతూ నిలబడింది.

"బస్సు వెళ్ళిపోయిందండీ!"

"విన్నాను."

"మీ సంచీ కూడా వెళ్ళిపోయింది!"

"కట్టు ఇంకా ఆరలేదండీ. మధ్యలో ఎలా వదిలేస్తాను?"

"ఆ కాలి కోసమే దిగారా?"

"సగం."

"తక్కిన సగం?"

"మీకు తెలుసు."

"నాకు తెలీదు. నోటితో చెప్పండి."

నా చేతులు మోచేతుల దాకా ప్లాస్టరే. అలాగే చెప్పాను. "మీరిక్కడుంటే నేను అక్కడ బతకలేనండీ. మీకు బరువు కాను. నన్ను చేసుకున్నా, చేసుకోకపోయినా ఈ గదిలో నా పని నేను చేసుకుంటాను."

మెర్సీ గోడకి ఆనుకుని ఏడ్చేసింది. ఆమె వెనకే వచ్చిన రత్నమణి అక్క మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఆర్సీఎం గుడిలోనా, లూథరన్ గుడిలోనా?" అంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"సరేలే. ముందు ప్రాణాలతో ఇంటికి చేరండి. గుడి సంగతి మీ నాన్నలు తేల్చుకుంటారు" అని అక్క మా ఇద్దరి నెత్తిన చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. మంచం మీంచి నూర్ బాషా "ఆమీన్" అన్నాడు.

అక్క వార్డుకి వెళ్ళాక మెర్సీ కళ్ళు తుడుచుకుంది.

"రాత్రి ఎంత ప్రార్థన చేశానో తెలుసా అండీ, మీరు ఆ బస్సులో క్షేమంగా వెళ్ళిపోవాలని?"

"మరి దేవుడు వినలేదుగా."

"వినలేదు" అంది. "గుమ్మం దాకా వచ్చి ఖాళీ రోడ్డు చూశాను. మీరు వెళ్ళిపోయారనుకున్నాను. ఇక్కడ మీ గొంతు వినబడింది. నా ప్రార్థన ఆలకించనందుకు దేవుడికి స్తోత్రం చెప్పడం ఇదే మొదటిసారండీ."