పదమూడో పీసు వెనక రంధ్రం

లిఫ్ట్ ఏడో అంతస్తు దాటింది. అఖిలేష్ చెవికి పెట్టుకున్న పరికరంలో ఒక గొంతు మెల్లగా పలికింది. "కిందికి దిగకు. మనుషులున్నారు."

ఆ మాట అఖిలేష్ విన్నాడు. పక్కన నిలబడ్డ టై కట్టుకున్న పెద్దమనిషి కూడా విన్నాడు. తలుపులు తెరుచుకునేసరికి లిఫ్ట్‌లో ప్రాణాలతో ఉన్నది టై కట్టుకున్నవాడొక్కడే.

హెచ్చరించిన గొంతు ధనుంజయ్‌ది. స్నేహితుణ్ని కాపాడబోయి తన మాటతోనే పట్టించాడు. ఆ రోజు నుంచి అతను మైక్ ముట్టుకోలేదు.

ఎనిమిది నెలల తర్వాత, హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసులో నిఘా సంస్థ చీఫ్ రామ్‌దాస్ అతని ముందుకు ఫైలు తోశాడు.

"కొత్త డివైస్. పేరు మౌని. చెవి పైన కూర్చుంటుంది కానీ చెవిని మూయదు. ఏజెంట్‌కు మన మాటా వినపడాలి, బయటి అలికిడీ వినపడాలి."

"పక్కవాడికి?"

"ఏమీ వినపడకూడదు. దీనికి రెండు వెంట్‌లుంటాయి. ముందు రంధ్రం నుంచి మాట చెవిలోకి పోతుంది. వెనక రంధ్రం నుంచి అదే శబ్దం తిరగబడి బయటికొస్తుంది. కాస్త దూరం పోగానే రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. రంధ్రం కొలత తప్పిందా, ఏజెంట్ చెవిలో రేడియో పెట్టినట్టే."

ధనుంజయ్ ఫైలు మూసేశాడు. రామ్‌దాస్ చూడనట్టు నటించాడు.

"డిజైన్ చేసింది సంజన. నిజామాబాద్‌లో వినికిడి మిషన్ల షాపు, దాని వెనక మన ల్యాబ్. రేపు పదకొండింటికి ఫైనల్ డ్రాయింగ్ అచ్చులు పోసేవాళ్లకు పోతుంది. నలభై మంది ఏజెంట్లు దాన్ని పెట్టుకుని సరిహద్దు దాటుతారు. కోబాల్ట్ అనే విదేశీ గూఢచారి ముఠా కొలతలు మార్చే పనిలో ఉంది. లోపల వాళ్ల మనిషి ఉన్నాడు."

"ఎవరు?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? అక్కడి సెక్యూరిటీ ఆఫీసర్ జ్యోతిరాణి నీ కాంటాక్ట్. కోడ్‌వర్డ్ రాసుకో."

మర్నాడు పొద్దున పది గంటలకు నిజామాబాద్ ఖలీల్‌వాడిలో, డాక్టర్ల బోర్డుల మధ్య ఉన్న ఆ షాపులోకి వేల్పూర్ పసుపు రైతు ఒకడు చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. గోళ్ల సందుల్లో పసుపు, భుజాన తువ్వాల, చెవుల్లో దూది. గూఢచారికి చెవిటి వేషాన్ని మించింది లేదు. చెవిటివాడి ముందు జనం ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుకుంటారు.

"వానాకాలంల ఎడమ చెవు మంచిగనే వినవడ్తది బిడ్డా," అని కోడ్‌వర్డ్ వదిలాడు రైతు వేషంలోని ధనుంజయ్.

"ఎండాకాలం సంగతి చెప్పు కాకా," అని జవాబు కోడ్ చెప్పింది కౌంటర్ దగ్గరున్న జ్యోతిరాణి. నెమలికంఠం రంగు పట్టుచీర, నెత్తి మీద నల్లకళ్లద్దాలు. ఆ సందులో అంత అందం అవసరమా అని ఎవరికైనా అనుమానం రావాలి. ధనుంజయ్‌కు రాలేదు. మగవాడు కదా.

జ్యోతిరాణి లోపలికి తీసుకెళ్లి చెప్పింది. "సంజనను గమనించండి. ప్రతి గురువారం శాంపిళ్లు బ్యాగులో వేసుకుని బోధన్ పోతుంది. చెరుకు చేలల్లో మాయమై సాయంత్రానికి వస్తుంది. ఎందుకో ఎవరికీ చెప్పదు."

ఆమె ట్రేలోంచి ఒక మౌని పీసు తీసి చెవికి పెట్టుకుంది. "ఫిట్టింగ్ చూస్తాను," అంటూ కంప్యూటర్ గదిలోకి వెళ్లింది.

ధనుంజయ్ చూపు ల్యాబ్‌లో తిరిగింది. గోడలనిండా శబ్దాన్ని మింగే నల్లటి స్పాంజి. బల్ల దగ్గర సంజన, ముప్పై ఏళ్ల సన్నటి పిల్ల, చిన్న సవ్వడికే ఉలిక్కిపడుతోంది. పక్కన లింగవ్వ అనే ముసలామె రంధ్రాల మీద సన్నటి జాలీ అతికిస్తోంది. ఒకతి బెదురుగా ఉంది, రెండోది మరీ కుదురుగా ఉంది. అతనికి ఇద్దరూ నచ్చలేదు.

ట్రేలో చివరి పీసు ఎత్తి వెలుతురుకు పెట్టాడు. వెనక రంధ్రం లేదు! రబ్బరు అంచును లోపలికి మడిచి ఎవరో నున్నగా మూసేశారు.

టైం పది నలభై ఎనిమిది. వేషం కట్టిపెట్టి సంజనకు ఐడీ కార్డు చూపించాడు.

"బోధన్‌లో ఎవర్ని కలుస్తున్నావు?"

సంజన మొహం పాలిపోయింది. "ఎవర్నీ లేదు సార్! గోడలుంటే శబ్దం తిరిగొస్తది, లీకేజీ లెక్క తప్పుతది. కోసిన చెరుకు చేన్ల నడుమ గోడలుండయి కదా, ఆడనే టెస్ట్ చేస్త. ల్యాబ్ సంగతి బయట చెప్పొద్దన్నరని ఎవ్వలకు చెప్పలే."

"మరి ఇదేంటి?"

ఆమె పీసు చూసి తలపట్టుకుంది. "అవ్వా! మళ్ల మూసినవా?"

లింగవ్వ తన చేతుల వంక చూసుకుంది. "ముప్పై ఏండ్లు బీడీలు చేసిన బిడ్డా. ఆకు సుట్టుడు, గోటితోని మూతి ముడుసుడు. మూతి తెరిసుంటే నా గోరు ఊకుంటదా? సోయి లేకుంటనే ముడిసిన. రెండే, ఎక్వ లేవు. ఇంకోటి పదమూడో నంబరుది, గిప్పుడే రాణి మేడం తీస్కపోయింది."

చెడిపోయిన పీసు బయటికి పోకూడదు. దాన్ని వెనక్కి తెద్దామని ధనుంజయ్ కంప్యూటర్ గది తలుపు తోశాడు.

గదిలో జ్యోతిరాణి ఒక్కతే ఉంది. కానీ మాట్లాడుతున్నది మగగొంతు. విదేశీ యాస, ఇంగ్లిష్, గడప దాకా స్పష్టంగా. "రెండో ఫైలే పంపు. దాంట్లో వెనక వెంట్ సగమే ఉంది. కీ నంబర్ ఏడు, ఒకటి, నాలుగు..."

ఆమె తల తిప్పి నవ్వింది. చెవిలో మాట బయటికి రాదని ఆమె ధీమా, వెనక రంధ్రం మూసుకుపోయిన సంగతి తెలియదు. ఆ ల్యాబ్‌లో సంజన పనితనాన్ని పూర్తిగా నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

స్క్రీన్ మీద ఫైలు తొంభై ఒకటి శాతం పోయింది. తొంభై నాలుగు.

ధనుంజయ్ కదలగానే ల్యాప్‌టాప్ కెమెరాలోంచి చూస్తున్న గొంతు గట్టిగా అంది. "వాడికి తెలిసిపోయింది. కాల్చు!"

ఆజ్ఞ ఇద్దరికీ ఒకేసారి వినపడింది. ఆమె చేయి హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలుతో పైకి లేచేలోపే అతను నేలకు వాలాడు. గుండు వెనకున్న ల్యాబ్ గోడ స్పాంజిలో దిగింది. అతని చేతికర్ర ఆమె మణికట్టు మీద పడింది, వంపు కొస నెట్‌వర్క్ కేబుల్‌ను లాగేసింది.

తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగిపోయింది. అతను పిస్తోలును దూరంగా తన్ని, భుజాన ఉన్న తువ్వాలతో ఆమె చేతులు కట్టేశాడు.

నేల మీదే కూర్చుని ధనుంజయ్ ఊపిరి పీల్చుకున్నాడు. అఖిలేష్‌ను తీసుకుపోయిన తప్పే ఇవాళ తనను బతికించింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

పదకొండు కొట్టేసరికి సంజన కేబుల్ పెట్టి అసలు డ్రాయింగ్ పంపేసింది. తర్వాత ఒక మంచి పీసు తెచ్చి అతని చెవికి తగిలించింది. హైదరాబాద్ నుంచి రామ్‌దాస్ గొంతు పలికింది. "శభాష్. నలభై మంది ఇళ్లకు తిరిగొస్తారు."

"ఏమన్నా వినపడిందా?" అడిగాడు ధనుంజయ్.

అతనికి భుజం ఆనించి నిలబడ్డ సంజన తల అడ్డంగా ఊపింది. "ఏం లేదు సార్."

అతని కళ్లు నిండాయి. ఎనిమిది నెలల తర్వాత మైక్ దగ్గరికి తీసుకుని, "థాంక్యూ సర్," అన్నాడు.

లింగవ్వ బెదురుతూ దగ్గరికొచ్చింది. "సారూ, రెండు పీసులు ఖరాబ్ జేసిన. నన్ను పనిలకెళ్లి తీసేస్తరా?"

"లేదవ్వా. రేపు పొద్దున్నే రా," అన్నాడు ధనుంజయ్. "గోళ్లు మాత్రం కత్తిరించుకుని రా."