పదికి మూడు

ఫోర్‌మన్ పడక కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. టీపాయ్ మీద ఖాళీ కాఫీ కప్పు. అడుగున తెల్లటి పొడి.

టైము మూడు పది. ప్రాణం పోయింది పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య అన్నాడు డాక్టర్. నిద్రమాత్రలు.

"మాత్రలు ఎక్కడుంటాయి?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"అలమారాలో. నేనే తీసిస్తానండి," అంది కోడలు.

"కాఫీ?"

"ఫ్లాస్కులో పోసి తొమ్మిదింటికి డ్యూటీకెళ్ళాను. రెండున్నరకి వచ్చేసరికి మావయ్య ఇలా..."

"మీ ఇద్దరికీ పడదట?"

"పడదు. రోజూ అరుచుకుంటాం. అంతమాత్రానికి చంపేస్తానా?"

గుమ్మం దగ్గర ఫోర్‌మన్ స్నేహితుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో రిటైరైనవాళ్ళు. కబురు తెలిశాకే వచ్చానని, పొద్దున్నుంచి ఇటు రాలేదని చెప్పాడు. రేపు బాయిలర్ కేసులో ఫోర్‌మన్ సాక్ష్యం చెప్పాలట. ఆ బాయిలర్ పేలి ముగ్గురు పోయారు.

ఎస్సైకి ఇవేవీ పట్టలేదు. మాత్రలిచ్చేది ఆవిడే, కాఫీ పెట్టిందీ ఆవిడే, ఇంకా బుర్ర బద్దలు కొట్టుకోవడం దేనికన్నాడు. కోడలు ఆరేళ్ళ కూతుర్ని పక్కింట్లో అప్పగించి జీపెక్కింది. పిల్ల ఏడవలేదు. జీపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ లోపలికి వెళ్ళింది.

కుర్చీ పక్కన కళ్ళజోడు, భూతద్దం, ఒక నవల. పేరున్న డిటెక్టివ్ సీరీస్‌లో ఎనభై నాలుగోది. పన్నెండో పేజీలో గుర్తుగా పాత బస్సు టికెట్టు. చివరి ఖాళీ పేజీలో పెన్సిల్ రాత.

"హంతకుడెవరో డెబ్బయ్యో పేజీలోనే తెలిసిపోయింది. ఇక ఈ సీరీస్ ఆపేస్తే మంచిది. పదికి మూడు."

"అద్దె పుస్తకం కదా మేడమ్," అన్నాడు ఎస్సై. "అంతకుముందు చదివినవాళ్ళు రాసుంటారు."

నాలుగున్నరకి ఆమె అద్దె లైబ్రరీలో ఉంది.

"ఇది ఎప్పుడిచ్చారు?"

"పొద్దున తొమ్మిదిన్నరకి. నేనే ఇంటికెళ్ళి ఫోర్‌మన్ గారి చేతికిచ్చాను," అన్నాడు ఓనర్. "మొదటి కాపీ ఎప్పుడూ ఆయనకే."

"అంతకుముందు ఎవరు చదివారు?"

"పార్సిల్ విప్పిందే తొమ్మిదింటికి మేడమ్. ఇంకెవరు చదువుతారు?"

"మరి ఈ రాత?"

"మా దగ్గర అలవాటు. చదివినవాళ్ళు చివర అభిప్రాయం రాసి మార్కులేస్తారు. పేర్లు మాత్రం వద్దంటాను. పేర్లుంటే ఇక్కడే జుట్లు పట్టుకుంటారు."

"ఫోర్‌మన్ ఎన్ని వేసేవాడు?"

"పదికి పది. ఏ పుస్తకానికైనా అంతే. పాపం చూపు ఆనదు, రోజుకి పది పేజీలు."

"మూడు ఎవరిది?"

ఓనర్ బీరువాలోంచి పాత నవలలు తీసి ఒక్కొక్కటే చివరి పేజీ తిప్పాడు. ప్రతిదాంట్లో ఫోర్‌మన్ వేసిన పది కింద ఒక మూడు. అదే రాత, అదే విసుగు. అతని మొహం పాలిపోయింది.

"ముప్పై ఏళ్ళుగా తిడుతూనే ఉన్నారు మేడమ్. ఒక్కటీ వదల్లేదు."

ఆరింటికి ఫోర్‌మన్ స్నేహితుడి ముందుగది. ఆయన ఆమెకు కుర్చీ చూపించాడు.

"కొత్త నవల చదివారా?"

"ఇంకా నా చేతికి రాలేదండి. వాడి తరవాతే నాకు."

ఆమె పుస్తకం చివరి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన ఆ రాత మీద వేలు పెట్టాడు.

"రాసినట్టు గుర్తే లేదు," అన్నాడు మెల్లగా. "అలవాటు."

"ఫ్యాక్టరీలో మీ ఉద్యోగం?"

"సేఫ్టీ ఆఫీసర్ని."

"బాయిలర్ బాగుందని సంతకం పెట్టింది మీరేనా?"

"కనీసం చూడనైనా చూడకుండా పెట్టాను. రేపు అది చెప్పేస్తానన్నాడు. కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు."

"మాత్రలు కలిపాక వెళ్ళిపోలేదేం?"

"ఎవరైనా వచ్చి లేపుతారేమోనని భయం. ఊరికే కూర్చుంటే ఏమీ తోచలేదు. పుస్తకం అక్కడే ఉంది."

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి ఫోన్ చేసింది. కోడల్ని వెంటనే ఇంటి దగ్గర దింపమని చెప్పింది. తరవాత ఆయన వైపు తిరిగింది.

"ఆయన ఎప్పుడు పోయాడు?"

"నూట అరవయ్యో పేజీ దగ్గర గురక ఆగింది."

"అప్పుడైనా లేవాలనిపించలేదా?"

ఆయన కళ్ళు ఇంకా ఆ పేజీ మీదే ఉన్నాయి.

"ఇంకా ముప్పై పేజీలున్నాయండి," అన్నాడు.