నాలుగింటికి రద్దయ్యే ఊపిరి

పురుషోత్తాన్ని గుద్దిన టెంపో ఆగలేదు.

ఉదయం ఆరున్నర. మదనపల్లె టమోటా మార్కెట్ గేటు దగ్గర బండ్లు కిక్కిరిసి ఉన్నాయి. లారీల సందులోంచి హారన్ కొట్టకుండా దూసుకొచ్చింది నీలం టెంపో. మనిషి ఎగిరి క్రేట్ల మీద పడ్డాడు. వెనకే మోటార్ సైకిల్ మీద వచ్చిన బట్టతలవాడు దిగి, పురుషోత్తం భుజానికున్న ల్యాప్‌టాప్ సంచీ లాక్కున్నాడు. “ఎవురన్నా అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండప్పా!” అని తనే అరిచి, బండెక్కి మాయమయ్యాడు.

మండీ గుమాస్తా వేషంలో పురుషోత్తం కోసం కాచుకున్న దేవేంద్ర అప్పటికి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. కురబలకోటలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, తొమ్మిదేళ్లుగా సైబర్ గూఢచార విభాగంలో పనిచేస్తున్నవాడు. ఆ ఇరవై అడుగులూ దాటేసరికి అంతా అయిపోయింది.

అతను పురుషోత్తం తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఖరారు చేసుకున్న కోడ్ మాట అడిగాడు.

“నాటుదా, హైబ్రిడ్దా?”

“విత్తనం... మనదే.” పురుషోత్తం అతని చొక్కా పట్టుకున్నాడు. “కుప్పం పో. ప్రిస్కిల్లా ఉండాది. ఆయమ్మను మాత్రం... టైపు చెయ్యనియ్యాకు.”

తర్వాత చొక్కా మీద పట్టు సడలింది.

దేవేంద్ర చెవి మీది పెన్సిల్ తీశాడు. దాని మొనలో ఉన్న కెమెరా బట్టతలవాడి మొహాన్ని అప్పటికే పట్టుకుంది. ఆ ఫోటో అందిన మూడు నిమిషాలకే చీఫ్ నాగమ్మ ఫోన్ చేసింది.

“వాడు మెరిడియన్ ముఠా మనిషి. బాగా విను, రెండోసారి చెప్పే టైం లేదు. ‘శ్వాస’ తెలుసు గదా?”

“చంటిబిడ్డల వెంటిలేటర్ నడిపే సాఫ్ట్‌వేర్. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా వాడొచ్చు, మార్చుకోవచ్చు.”

“దానికి గాలి ఒత్తిడి లెక్క చెప్పే కోడు ముక్క, లైబ్రరీ, మాత్రం స్వేచ్ఛ కాదు. ఎయిర్‌కోర్ అని, ఒక విదేశీ కంపెనీది. కరోనా రోజుల్లో వాళ్లు డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు కాబట్టి మనదే అనుకున్నారు మనవాళ్లు. పోయిన నెల ఆ కంపెనీని మెరిడియన్ కొనేసింది. లైసెన్స్‌లో ఒక క్లాజు ఉంది. కారణం చెప్పకుండా ఎప్పుడైనా రద్దు చెయ్యొచ్చు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి రద్దు చేస్తున్నారు.”

“రద్దయితే?”

“మిషన్లు ఆగిపోతాయి. ముందు మూడు ఊళ్లలోనే, మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మూడు చోట్లా కలిపి పందొమ్మిది మంది బిడ్డలు. ఒక దేశంలో ఊపిరి ఎట్లా ఆపొచ్చో కొనుగోలుదార్లకి చూపించే డెమో అది.”

“మిషన్లలో గడియారం వెనక్కి తిప్పితే?”

“తిప్పిన క్షణమే ఆగిపోతాయి. ఎయిర్‌కోర్‌కి బదులు వేరే లైబ్రరీ పురుషోత్తం రాత్రే రాసి ముగించాడు. నెట్‌లో పంపితే ముఠా చూస్తుందని చేత్తో తెస్తున్నాడు. ఇప్పుడది లేదు. పుంగనూరులో మన మనిషిని కలుపుకో. పేరు విక్టోరియా.”

“నమ్మొచ్చా మేడమ్?”

“నిన్నటిదాకా నమ్మినాను” అంది నాగమ్మ.

* * *

పుంగనూరు మిషన్ ఆసుపత్రిలో చంటిబిడ్డల వార్డు రెండో అంతస్తులో ఉంది. వెంటిలేటర్ సర్వీస్ ఇంజనీర్ వేషంలో టూల్‌కిట్ పట్టుకుని పైకెక్కాడు దేవేంద్ర. గాజు అద్దం అవతల ఆరు పెట్టెలు, ఆరుగురు బిడ్డలు. అరచేయంత మనుషులు. మిషన్ గాలి పంపినప్పుడల్లా వాళ్ల ఛాతీ పావురం మెడలా ఉబ్బి తగ్గుతోంది.

అద్దం పక్కన ముదురాకుపచ్చ పట్టుచీర, మెడలో సన్నటి ముత్యాలు, ఖరీదైన నల్లకళ్లద్దాలతో ఒకామె నిలబడి ఉంది. లాయరు విక్టోరియా, ఎయిర్‌కోర్ కంపెనీకి లైసెన్స్ డైరెక్టర్. మెరిడియన్‌కి నమ్మకస్తురాలు. నాగమ్మ జీతంలో మూడేళ్లుగా ఉన్న గూఢచారిణి కూడా. పుంగనూరు మిషన్ స్కూలు టీచరు కూతురు.

ఆమె తన ఫోన్ని నర్సు బల్ల మీద వదిలేసి, పెదవుల మీద వేలుంచి, అతన్ని మిద్దె మీది నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లింది.

“నా ఫోన్లో వాళ్ల చెవి ఉండాది. మొన్నే తెలిసింది నాకు.” ఆమె మెట్ల వైపు ఓసారి చూసింది. “పురుషోత్తం దారి వాళ్లకి తెలిసింది నా వల్లనే. ఫోన్ పారేస్తే నన్ను అనుమానిస్తారు. అందుకే మోస్తాండాను.”

“ఆయన చచ్చిపోయినాడమ్మా.”

“తెలుసు.” ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. “ఇంకోటి కూడా తెలుసుకో. ఆ రద్దు క్లాజు రాసింది నేనే. ఏడేళ్ల కిందట, మంచి జీతానికి. అది ఈ బిడ్డల గొంతు మీద కూచుంటుందని అనుకోలేదు.”

కిందికి దిగేటప్పుడు నర్సు కెజియా ఎదురొచ్చింది. నాగమ్మ చెప్పించిన విషయం ఆమెకు అందింది. “సార్, మిషన్ ఆగితే చేత్తో గాలి బ్యాగు నొక్కాల. ఆరుగురు బిడ్డలుండారు. మేము ఇద్దరమే. మిగతా నలుగురిని ఏం చెయ్యమంటారు?”

దేవేంద్ర టూల్‌కిట్ భుజానికేసుకుని మెట్లు రెండేసి దిగాడు.

* * *

కారు పలమనేరు దాటి కుప్పం వైపు పరుగెత్తింది. ఫోన్ వింటుంది కాబట్టి ఇద్దరూ మాట్లాడలేదు. దారి పొడుగునా ఆమె కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. దేవేంద్ర రెండు కనిపెట్టి చూస్తున్నాడు. వెనక నీలం టెంపో వస్తుందేమోనని, పక్కనున్న మనిషి ఎటు మొగ్గుతుందోనని.

కుప్పంలో కాలేజీకి రెండో శనివారం సెలవు. ల్యాబులో ప్రిస్కిల్లా ఒక్కతే ఉంది. నలభై ఏళ్లు, నెరిసిన జుట్టు, కాటన్ చీర. ‘శ్వాస’ మొదలుపెట్టింది ఆమె, పురుషోత్తం. పురుషోత్తం పోయాడని వినగానే కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత కంప్యూటర్ వైపు తిరిగింది.

“ఆయన కోడు మొత్తం ముందే నా దగ్గరుండాది, రాత్రి రాసిన ఒక్క ఫైలు తప్ప. ఒత్తిడి పట్టిక. సెన్సర్ ఏ అంకె చూపిస్తే ఎంత ఒత్తిడో చెప్పే అరవై కొలతలు. అది సంచీతోపాటు పోయింది.”

“మళ్లా రాయలేమా?”

“నాకు కంఠతా వచ్చు.” ఆమె నవ్వబోయి ఆగిపోయింది. “అదే నా కర్మ. బెంగళూరులో రెండేళ్లు ఎయిర్‌కోర్ కంపెనీలో పనిచేసినాను. వాళ్ల సోర్స్ కోడు చూసినాను. బయట పెట్టనని సంతకం చేసినాను. నేను టైపు చేస్తే అది వాళ్ల సొత్తు.”

దేవేంద్రకి కోపం ఎగదన్నింది. “పసిబిడ్డలు చస్తాంటే సంతకం ఏందమ్మా! టైపు చెయ్యి. జైలుకి నేను పోతా.”

“జైలైతే నేనే పోతానప్పా, దానికేం. సోమవారం వాళ్లు కోర్టుకి పోతారు. నా చెయ్యి పడిందని తేలితే ‘శ్వాస’ మొత్తం కలుషితమైనట్టే. దేశంలో రెండు వందల ఆసుపత్రుల్లో పీకెయ్యమని ఆర్డరొస్తుంది. అప్పుడు చచ్చేది పందొమ్మిది మంది కాదు.”

విక్టోరియా ఒక కాగితం మీద గబగబా రాసి చూపించింది. ‘నిజం. పిటిషన్ తయారుగా ఉంది. ప్రిస్కిల్లా భయపడి టైపు చెయ్యాలనే పురుషోత్తాన్ని చంపారు. బిడ్డలు పోతే డెమో. ఆమె టైపు చేస్తే సాఫ్ట్‌వేర్ వాళ్లది. రెండు విధాలా వాళ్లే గెలుస్తారు.’

విక్టోరియా తన ఫోన్ని బయట వరండాలో పెట్టి, తలుపు మూసి వచ్చింది. ల్యాబు గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

“సోర్స్ ఎప్పుడూ చూడని మనిషి సొంతంగా కొలిస్తే?” అని మెల్లగా అడిగాడు దేవేంద్ర.

ప్రిస్కిల్లా తలెత్తింది. “కొలిస్తే అది ప్రకృతి లెక్క. దాని మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఒక్కో కొలతకి మూడు నిమిషాలు పడుతుంది. విక్టోరియా ఎయిర్‌కోర్ కాగితాలన్నీ చదివింది, పనికిరాదు.” ఆమె అతని మొహంలోకి చూసింది. “నువ్వు?”

“నాకు టమోటా రేట్లు తప్ప ఇంకేం తెలీదు.”

* * *

U ఆకారంలో వంచిన గాజు గొట్టం, దానిలో ఎర్రసిరా కలిపిన నీళ్లు, పక్కన స్కేలు, ఇంకో కొసకి సిరంజీ, సెన్సర్. సిరంజీ నొక్కితే నీళ్లు పైకెక్కుతాయి. నీళ్లు కదలకుండా నిలిచాక సెంటీమీటర్లు చూసి, తెర మీద సెన్సర్ అంకె చూసి, రెండూ కంప్యూటర్ ఫైల్లో తనే ఎక్కించాలి. అంతే పని. జీవితంలో ఇంత సులువైన పని, ఇంత భయపెట్టిన పని దేవేంద్ర చెయ్యలేదు.

ప్రిస్కిల్లా గోడవైపు తిరిగి కూర్చుంది. అతను తప్పు రాస్తే ఆమె మొహంలో తెలిసిపోతుంది. ఆ తెలియడం కూడా సాయమే అవుతుంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

పది. ఇరవై. చెమట కంట్లోకి కారుతోంది. ఇరవై ఏడో కొలత దగ్గర చెమటకి వేళ్లు జారి నీళ్లు ఊగాయి. అంకె మిగతావాటితో పొసగలేదు. ఇది తప్పా, ఒప్పా? గోడ దగ్గర కూర్చున్న మనిషికి తెలుసు. అడగడానికి లేదు. అతను దాన్ని కొట్టేసి మళ్లీ కొలిచాడు. ఈసారి పొసగింది. నాలుగు నిమిషాలు పోయాయి.

మూడు ఇరవైకి వరండాలో విక్టోరియా ఫోన్ మోగింది. ఆమె దాన్ని లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టింది. స్పీకర్లో నెమ్మదైన విదేశీ గొంతు. మెరిడియన్ ముఠా పెద్ద.

“ఆమె టైపు చేస్తోందా?”

“చేస్తుంది సార్.” విక్టోరియా గొంతు పెంచింది. “ప్రిస్కిల్లా! ఇంక యాల ఆలోచిస్తావు? బిడ్డలు చస్తారు. టైపు చెయ్యి!” అంటూనే ఆమె ఎదుటికెళ్లి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. వద్దు, వద్దు.

ప్రిస్కిల్లాకి అర్థమైంది. “చేస్తాండా, చేస్తాండా” అని ఏడుపు గొంతుతో అరిచి, పక్క బల్ల మీది కీబోర్డు మీద అర్థంలేని అక్షరాలు టకటకా కొట్టింది. అవి ఎక్కడా సేవ్ కాలేదు.

“గుడ్” అంది గొంతు. “సాక్ష్యం కోసం మన మనిషి వస్తున్నాడు.”

యాభై మూడో కొలత. కింద కాంపౌండులో బండి ఆగిన చప్పుడు. మూడు ముప్పై ఏడు. విక్టోరియా కిటికీలోంచి చూసి వెనక్కి తిరిగింది. “బట్టతలవాడు. ఒక్కడే.” ఫోన్ వింటోందని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఫోన్ని నేలకేసి కొట్టింది.

దేవేంద్ర చెయ్యి సిరంజీ మీద ఉంది. వదిలితే నీళ్లు జారిపోతాయి. పొద్దుటి నుంచీ నమ్మాలో వద్దో తేల్చుకోని మనిషి ఎదురుగా నిలబడి ఉంది. అతను రెండో చేత్తో నడుము దగ్గరి పిస్టల్ తీసి బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

“మెట్ల దగ్గర ఇనప గేటుండాది. ఇరవై నిమిషాలు ఆపితే చాలు.”

ఆమె పిస్టల్ వైపు, అతని వైపు చూసి తీసుకుని వెళ్లింది.

యాభై ఐదు. బయట గేటు గడియ పడింది. ఏవో మాటలు, మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. యాభై ఆరు. ఒక తూటా. ప్రిస్కిల్లా లేవబోయింది. “లేవద్దమ్మా! ఇటు సూడద్దు!” అని అరిచాడు దేవేంద్ర. యాభై ఏడు. ఇంకో తూటా, వెంటనే మూడోది. ఆ తర్వాత నిశ్శబ్దం. అతనికి పరుగెత్తాలని ఉంది. నీళ్లు ఇంకా నిలవలేదు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.

అరవై రాసేసరికి మూడు యాభై ఎనిమిది.

“రమ్మా!”

ప్రిస్కిల్లా ఒక్క ఉరుకులో వచ్చి కూర్చుంది. పట్టిక ఫైలు జతచేసింది. “ఫైలు మీద కొలిచినవాడి అసలు పేరు, ఊరు ఉండాల. లేకపోతే కోర్టులో నిలవదు. దొంగ పేరు చెప్పాకు.”

తొమ్మిదేళ్లలో ఎవరికీ చెప్పనిది అతను చెప్పాడు. “దేవేంద్ర. కురబలకోట.”

ఆమె పంపింది. తెర మీద గీత పాకింది. మదనపల్లె అందుకుంది. కుప్పం అందుకుంది. పుంగనూరు పక్కన చక్రం తిరుగుతూనే ఉంది. నాలుగు కొట్టింది.

దేవేంద్ర ఫోన్ స్పీకర్లో కెజియా గొంతు చీలిపోయింది. “ఆగిపోయినాయి! ఆరూ ఆగిపోయినాయి! ఇద్దరికి బ్యాగులు పెట్టినాము... ఓ దేవా, ఈ పాప నీలంగా అవుతాండాది...”

ప్రిస్కిల్లా రెండు చేతులూ జోడించింది. దేవేంద్ర సెకన్లు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... పదకొండు సెకన్లు. చక్రం ఆగి పచ్చగా మారింది.

ఫోన్లో బుస్సుమని చప్పుడు. ఇంకోటి. ఆరు మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఊపిరి అందుకున్నాయి. కెజియా వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలో పాప ఎర్రబడిందని చెప్పింది.

దేవేంద్ర మెట్ల వైపు పరుగెత్తాడు. గేటు అవతల బట్టతలవాడు తొడ పట్టుకుని పడున్నాడు. ఇవతల విక్టోరియా గోడకానుకుని కూర్చుంది. భుజం దగ్గర ఆకుపచ్చ పట్టు నల్లగా తడిసింది.

“అయిందా?” అంది.

“అయింది.”

“ఇప్పుడీ కొత్త లైబ్రరీ లైసెన్స్‌ని ఎవరన్నా రద్దు చెయ్యొచ్చా?”

“ఎవరూ చెయ్యలేరంట.”

“బాగా రాసినారు” అంది ఆ లాయరు, కళ్లు మూసుకుంటూ. ఆసుపత్రికి చేరేదాకా దేవేంద్ర ఆమె చెయ్యి వదల్లేదు.

* * *

సోమవారం మెరిడియన్ లాయర్లు కోర్టుకి వెళ్లనే వెళ్లారు. కట్టుతో వచ్చిన విక్టోరియా సాక్ష్యం చెప్పింది. పిటిషన్ వీగిపోయింది. ముఠా మీద కేసులు మొదలయ్యాయి.

మంగళవారం నాగమ్మ దేవేంద్రని పిలిచింది. తెర మీద ‘శ్వాస’ పేజీ తెరిచి ఉంది. కింద అతని పేరు, ఊరు. ఇప్పటికి నలభై వేల మంది చూశారు. బ్రెజిల్ నుంచి ఎవరో థ్యాంక్స్ చెప్పారు.

“ఏందప్పా ఇది? నీ పేరు దాచనీకి ఈ ప్రభుత్వం తొమ్మిదేళ్లు తంటాలు పడింది. తీసెయ్యమని చెప్పు.”

“అడిగినాను మేడమ్. కొలిచినవాడి పేరు తీసెయ్యనీకి ఆ లైసెన్స్ ఒప్పుకోదంట.”

నాగమ్మ ఆ పేజీ మూసేసింది. “అట్లయితే ఇంకేం చేస్తాం” అంటూ కొత్త ఫైలు అతని ముందుకి తోసింది. “ఈసారి మాత్రం గడ్డం పెంచుకుని పో.”