టీ ముట్టని టీ ఏజెంట్లు

"ఆ సంతకం నాకు కావల్ల."

"ముందొచ్చింది నేను."

"ముందొస్తే ఏం? గొడుగు మూసుకుంటా నిలబడినారు. గొడుగు మూసుకునేవాళ్ళు వరసలోకి రారు."

1961 ఆగస్టులో ఒక పొద్దున, పులివెందుల బజారులో లాల్ బాషా అంగడి చూరు కింద ఈ వాదన జరిగింది. జల్లు పడుతోంది. గొడుగు మూసిన యువకుడికి ఇస్త్రీ చొక్కా ఉంది, బి.ఏ. పట్టా ఉంది, ఆ రెండూ ఉన్నవాళ్ళకు ఉండే నమ్మకం కూడా ఉంది. ఎదురుగా ఉన్న అమ్మాయి తడిసిన జడను వెనక్కి విసిరింది. రాలిన చినుకుల్లో సగం అతని కాగితం మీద పడ్డాయి.

"నా సిరా కరిగిపోతాంది!"

"నిజం రాసింటే కరగదు లెండి."

అంగడి యజమాని లాల్ బాషా బెల్లం దిమ్మెల పక్కన కూర్చుని రెండు కాగితాలూ చదివాడు. రెండింటిలోనూ ఒకటే వాక్యం: 'పులివెందుల తాలూకాకు టీ పొడిని మొట్టమొదట తెచ్చి పరిచయం చేసినవారు ఫలానా వారని నాకు స్వయంగా తెలుసు.' ఫలానా అన్నచోట ఒకదానిలో ప్రొద్దుటూరు గురురాజారావు, రెండోదానిలో జమ్మలమడుగు గురునాథం.

"రెండింటికీ చేస్తే పోలా?" అన్నాడు లాల్ బాషా.

"వద్దు!" అన్నారిద్దరూ. అప్పటిదాకా వాళ్ళు ఏకీభవించిన మాట అదొక్కటే.

గురురాజారావు, గురునాథం బావా బావమరుదులు. గురునాథం అక్కనే గురురాజారావు చేసుకున్నాడు. వంశంలో అందరూ పంచాంగం చెప్పో, పిల్లలకు ఎక్కాలు చెప్పో బతికితే, వీళ్ళిద్దరూ 1936లో మద్రాసులోని ఒక టీ కంపెనీకి ఏజెంట్లై ప్రొద్దుటూరులో వ్యాపారం పెట్టారు. టీ మీద మిద్దెలు లేచాయి. 1950లో, బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న గొప్ప ధర్మసందేహం వచ్చి విడిపోయారు. అప్పటి నుంచి ప్రొద్దుటూరులో ఒక కంపెనీ, జమ్మలమడుగులో ఒక కంపెనీ. ఒకే పెట్టెలో వచ్చిన టీని చెరిసగం పంచుకుని, అవతలివాళ్ళ టీలో దుమ్ముందని చెప్పి అమ్ముకునేవారు. పదకొండేళ్ళుగా ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఇప్పుడు మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట మూడు తాలూకాలకూ కలిపి ఒకే ఏజెంటు. ఈ ప్రాంతంలో టీని నిలబెట్టింది ఎవరో రుజువులతో చరిత్ర రాసి పంపితే, ఏజెన్సీ వాళ్ళకే. రెండో ఇంటికి టీ వ్యాపారం ఉండదు.

వెంటనే గురురాజారావు తన కొడుకు సీతాపతిని, గురునాథం తన కూతురు రాజ్యలక్ష్మిని చరిత్రకారులుగా నియమించారు. గొడుగు సీతాపతిది, జడ రాజ్యలక్ష్మిది. చివరిసారి చూసుకున్నప్పుడు అతనికి పదమూడు, ఆమెకు తొమ్మిది. కాగితాల మీద పేర్లు చూశాక ఎవరు ఎవరో తెలిసింది. ఒప్పుకోవడానికే ఇద్దరికీ పౌరుషం అడ్డొచ్చింది.

"మా నాయన," అన్నాడు సీతాపతి లాల్ బాషాతో, ఆమె వినేటట్టు, "ఎర్రగుంట్ల స్టేషన్లో దిగిన టీ పెట్టెను నెత్తిన పెట్టుకోని ముప్పై మైళ్ళు నడిచొచ్చినాడు."

"నూరు పౌన్ల పెట్టెనా?" అంది రాజ్యలక్ష్మి. "స్నానానికి బకెట్టు ఎత్తితేనే మామకు నడుము పట్టుకుంటాదంట. నీళ్ళు అత్త తోడిపెడతాదంట. జమ్మలమడుగులో అందరికీ తెలుసు."

"మామ అన్నావు."

"అలవాటులో వచ్చింది."

"పదకొండేండ్లుగా చూడని మనిషిని మామ అనడం అలవాటా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మా నాయన మాత్రం ఎడ్లబండిలో తెచ్చినాడు. పెన్న పొంగుతా ఉంటే ఎడ్లను ఈదించినాడు."

"ఎర్రగుంట్ల నుంచి పులివెందులకొచ్చే తోవలో పెన్న యాడుంది? మీ నాయన కోసం వచ్చి పోయిందా?"

ఆ పేరా రాజ్యలక్ష్మి తనే రాసింది. ఎడ్ల కళ్ళలోని భయం గురించి రెండు వాక్యాలు ఎక్కువగా కూడా రాసింది.

"చాలు ఆపండి. ఇద్దరి నాయనలూ బస్సులో కూచోని వచ్చినారు."

మాట అంగడి వెనక ఇంట్లోంచి వచ్చింది. గడప దగ్గర మంగమ్మ నిలబడి ఉంది. గురునాథం తల్లి. గురురాజారావుకు అత్త. ఆరునెలలు కూతురింట, ఆరునెలలు కొడుకింట ఉంటుంది కాబట్టి ఇద్దరి అబద్ధాలూ ఆమెకు సమానంగా తెలుసు. మనవరాలికి తోడుగా వచ్చి, లాల్ బాషా తల్లి హజరాబీతో మాట్లాడుతూ లోపల కూర్చుంది.

"అవ్వా!" అన్నారిద్దరూ.

"అవ్వనే. రాండి లోపలికి. చరిత్ర కావల్లంటే అంగడిముందు దొరకదు."

హజరాబీ చాప పరిచింది. మంగమ్మ మొదలుపెట్టింది.

"మద్రాసోళ్ళు పెట్టె పంపి, సంతలో ఊరికే కాచి పోయండి, జనం మరిగితే కొంటారని చెప్పినారు. కాచేదెట్లో మీ నాయనలకు తెలిస్తే గదా! మడి కట్టుకునే ఇల్లు, టీ అనేది గడప దాటి రాలేదు. కాచే పద్ధతి రాసిన కాగితం బస్సులో పారేసుకున్నారు. వంటకని వెంట తెచ్చుకున్న నా దగ్గరికొచ్చి, పొడి ఉంది, నీళ్ళున్నాయి, కాచిపెట్టు అన్నారు. పొడీ నీళ్ళూ ఇస్తే నాకు తెలిసింది ఒకటే."

"ఏంది?"

"చారు. చింతపండు పిసికి, మిరియాలు దంచేసి, ఇంగువ తిరగమోత పెట్టినా."

సీతాపతి చేతిలో కలం ఆగిపోయింది.

"శానా బాగుందన్నారు సంతలో," అన్నాడు లాల్ బాషా. "అప్పుడు నాకు ఇరవై ఏండ్లు, కండ్లారా చూసినా. సంగటి ముద్దలు తెచ్చుకోని మరీ పోయించుకున్నారు. మద్రాసు చారని పేరు పెట్టినారు. పొట్లాలన్నీ అమ్ముడుబోయినాయి. ఆ రాత్రి పులివెందులలో ఎవురూ కన్ను మూయలే. రెండో సంతకు జనం కొట్టడానికొచ్చినారు."

"మా నాయనను కొట్టినారా?"

"దొరికితే గదా," అంది హజరాబీ. "ఇద్దరూ మా ఇంట్లో జొన్నల గాదె వెనక దాక్కున్నారు. మా ఆయన మద్రాసు రేవులో పనిచేసొచ్చినోడు, టీ అంటే ఏందో నాకు తెలుసు. పాలూ బెల్లమూ వేసి కాచి, కొట్టడానికొచ్చినోళ్ళకే పోసినా. తాగి పోయినారు. అప్పటినుంచి రెండేండ్లు, ప్రతి సంతకూ నేనే కాచినా. తాలూకా మరిగింది."

"నీకేమిచ్చినారు?" అంది రాజ్యలక్ష్మి.

"కాచిన పిప్పి ఇంటికి తీసుకపొమ్మన్నారు. గులాబీ చెట్టుకు మంచిదంట."

సీతాపతి కలం కింద పెట్టి అడిగాడు.

"నువ్వు కాచిన టీ తాగి మా నాయన ఏమన్నాడు?"

హజరాబీ మంగమ్మ వైపు చూసింది. మంగమ్మ తల దించుకుంది.

"తాగల్యా నాయనా. ఇద్దరూ తాగల్యా. మా కుండలోది గదా."

సీతాపతికి తమ మిద్దె గుర్తొచ్చింది. టీతో కట్టిన మిద్దెలో పొద్దున కాఫీ, సాయంత్రం కాఫీ. తనూ ఇరవై నాలుగేళ్ళలో ఒక్క చుక్క తాగలేదు. ఎందుకని ఒకసారీ అడగలేదు. టీ శ్రేష్ఠత మీద మాత్రం ఆరు పేజీలు రాసుకొచ్చాడు.

హజరాబీ ఎవరినీ అడగకుండానే రెండు గ్లాసుల టీ తెచ్చి కింద పెట్టింది. తాగమని అనలేదు.

"తీసుకో బావా," అంది రాజ్యలక్ష్మి. "ముందొచ్చింది నువ్వే గదా."

అతను తీసుకున్నాడు. బావా అన్నందుకో, సిగ్గుకో ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకున్నాడు. ఆమె ఊదుకుని, మెల్లగా, అతని నీళ్ళు నిండిన కళ్ళను చూస్తూ తాగింది. నాలుక కాలినా నవ్వుతున్న మగవాడు చూడటానికి అంత చెడ్డగా ఉండడని ఆమెకు ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత వివరాలు సరిచూసుకోవడానికి ప్రతి గురువారం ఇద్దరూ పులివెందులకు రావలసి వచ్చింది. ఎన్ని వివరాలో! ఆ గులాబీ ఏ రంగు పూసేదన్న దాని మీదే రెండు గురువారాలు గడిచాయి. మంగమ్మ తోడు వచ్చేది. చూపు తగ్గిందంటూ వాళ్ళకు వీపు పెట్టి కూర్చునేది. జమ్మలమడుగు బస్సును మాత్రం ఫర్లాంగు దూరం నుంచే గుర్తుపట్టేది.

నవంబరులో ఒక గురువారం, వాన పట్టుకుంది. అంగడి చూరు కింద సీతాపతి ఎక్కువసేపు మాట్లాడలేదు.

"ఏంది, నాలుక మళ్ళీ కాలిందా?"

"నా చరిత్ర పంపితే మీ ఇల్లు మునుగుతాది. నీది పంపితే మా ఇల్లు. ఎవరిది గెలిచినా మనమిద్దరం మళ్ళీ చూసుకునేది ఉండదు."

"నిజం పంపితే?"

"రెండిండ్లూ మునుగుతాయి."

"సమానంగా," అంది రాజ్యలక్ష్మి. గొంతులో వేళాకోళం లేదు. "బావా, ఆమె చేతి టీ తాగి, పిప్పి సంగతి విని, నేను ఇంటికి పోయి ఎడ్ల కండ్లలో భయం గురించి రాయలేను."

"మా నాయన నన్ను ఇంట్లోంచి ఎత్తి పారేస్తాడు."

"పారెయ్యడు. నడుము పట్టుకుంటాది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే చెరొక చరిత్రా చింపారు. బెల్లం దిమ్మె మీద కాగితం పెట్టి, ఒక పేజీ ఆమె, ఒక పేజీ అతను రాశారు. చారు, గాదె, కుండ, పిప్పి ఏదీ వదల్లేదు. చివర ఇద్దరూ సంతకాలు చేశారు. పోస్టుడబ్బాలో కవరు పడిన చప్పుడుకు సీతాపతి డబ్బా నోట్లోకి చెయ్యి పెట్టబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. గొడుగు ఉన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

డిసెంబరులో జవాబు, పిల్లల పేజీల ఫోటో నకళ్ళతో సహా, మూడు చోట్లకు వెళ్ళింది. పాతికేళ్ళుగా తమ టీని నోట పోసుకోనివారు దాన్ని ఎలా పొగుడుతూ వచ్చారో కంపెనీకి అర్థం కాలేదట. మూడు తాలూకాల ఏజెన్సీ 'హజరాబీ అండ్ సన్, పులివెందుల' వారికి.

మరునాడు ప్రొద్దుటూరు బస్సులోంచి గురురాజారావు, జమ్మలమడుగు బస్సులోంచి గురునాథం దిగారు. పిల్లలు అప్పటికే మంగమ్మతో పాటు లాల్ బాషా అంగట్లో ఉన్నారు.

"నీ కూతురు మావాని బుర్ర చెడగొట్టింది!"

"చారు సంగతి రాసిన పేజీ ఎవరి రాత? నీ కొడుకుది! నా బిడ్డ రాత గుండ్రంగా ఉంటాది!"

"గుండ్రంగా రాసింది గాదె వెనక దాక్కున్న సంగతి!"

"దాక్కోలేదా? నన్ను ముందుకు తోసింది నువ్వు కాదా?"

"నువ్వు నా పంచె పట్టుకోని ఏడ్చలేదా?"

పదకొండేళ్ళ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలివి. గంటసేపు సాగాయి. బజారంతా నిలబడి వింది. గొంతులు ఎండాక ఇద్దరూ ఒకే బెంచీ మీద కూలబడ్డారు.

"ఇంటి మానం కవర్లో పెట్టి స్టాంపంటించి పంపినాడు," అన్నాడు గురురాజారావు. "వీనికి ఎవరు పిల్లనిస్తారు గురునాథం?"

"నీ వానికైనా నయం. దీన్ని ఎవరు చేసుకుంటారు? ఇంట్లో ఏం జరిగినా మద్రాసుకు జాబు రాస్తాదని భయపడరా?"

"ముమ్మాటికీ. ఎవరూ చేసుకోరు."

"ఎవరూ ఇయ్యరు."

మంగమ్మ గడప మీద నుంచి లేచింది. "బాగుంది. వానికి బయట పిల్ల దొరకదని ఒకరు, దానికి బయట మొగుడు దొరకడని ఒకరు తేల్చినారు. మీరిద్దరూ ఒక మాట మీదకి రావడం నేను పదకొండేండ్లకు చూసినా. ముహూర్తం పెట్టించనా?"

బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాదనడానికి ఇద్దరి దగ్గరా గొంతు మిగల్లేదు.

సీతాపతి రాజ్యలక్ష్మిని చూరు చివరకు పిలిచాడు.

"చూడు, ఏజెన్సీ లేదు. మా అంగట్లో అమ్మేదానికి అగ్గిపెట్టెలూ సబ్బులూ మిగిలినాయి. ఏం చూసి చేసుకుంటావు నన్ను? ఇంకొకటి ఉంది. నిజం మీద ప్రేమతో నేను ఆ చరిత్ర రాయలేదు. నీ మీది ప్రేమతోనే రాసినా."

"నాకు తెలుసు బావా. నీ పేజీలో అక్షరాలు వణికినాయి."

"మరి చెప్పలేదేం?"

"మన వంశంలో మగవాళ్ళు పట్టుబడితే గాదె వెనక దాక్కుంటారు," అంది రాజ్యలక్ష్మి. "నీ అంతట నువ్వే వచ్చి ఒప్పుకుంటావేమోనని చూస్తా ఉన్నా."