గోపమ్మ పసరు ముంత

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది అరిచి చెప్పే కథ కాదు. ఇందులో దొంగతనం ఉన్నది. అయితే దొంగ కంటే ఎక్కువ కుమిలినవాడు దొంగను పట్టినవాడే.

మొయినాబాద్‌లో గోపమ్మ పసరు ముంత పోయింది. మంగళవారం పొద్దున ఏడుకు గూట్లో ఉన్నది. ఎనిమిదింబావుకు లేదు.

మట్టి ముంతే కదా అనుకోకండి. అందులో ఉన్నది గడ్డం తామరకు మందు. రేలాకు, వేపాకు నూరి, పసుపు వేసి, కానుగ నూనెలో కాచేది గోపమ్మ. ఆ మందు పూసుకున్న అభిలాష్ ఇప్పుడు చేవెళ్ల దవాఖానలో ఉన్నాడు. ఇరవై రెండేళ్లవాడు. గడ్డమంతా చీముపొక్కులు, ఒళ్లు కాలే జ్వరం. వాపు ఎక్కి ఎడమ కన్ను మూసుకుపోయింది.

"ఏం పూశారో తెలిస్తేనే నేను సరైన మందు ఇవ్వగలను. ఆ ముంత తెప్పించండి," అని డాక్టర్ ప్రవీణ సోమవారం సాయంత్రం ఠాణాకు ఫోన్ చేసింది. పొద్దున ఇద్దామని గోపమ్మ దాన్ని సంచిలో పెట్టి గూట్లో ఉంచింది. పోలీసులు వచ్చేలోపే ముంత మాయం.

కేసు ఏఎస్ఐ జానీ చేతికి వచ్చింది.

జానీ గుండెలో ఒక ముల్లు ఉన్నది. నెల కింద అతనికీ గడ్డం తామర వచ్చింది. గోపమ్మ మందుతో మూడు రోజుల్లో తగ్గింది. చాయ్ హోటల్లో నున్నటి గడ్డం తడుముకుంటూ నలుగురికీ చెప్పాడు. అభిలాష్‌ను పంపింది అతనే. ఆ మాట ఠాణాలో చెప్పలేదు. ఇప్పుడు గదవ కింద మళ్లీ దురద మొదలైంది. మాస్కు కట్టుకొని తిరుగుతున్నాడు.

పదకొండుకు గోపమ్మ అరుగు మీద అందరినీ కూర్చోబెట్టాడు.

"ఏడుకు, ఎనిమిదింబావుకు నడుమ ఎవరెవరు వచ్చిన్రు?"

"నేనొచ్చిన సార్, ఏడున్నరకు," అన్నాడు సెలూన్ హరీష్. "నా కత్తితోనే రోగం వచ్చిందని ఊరంతా అంటున్నరు. ఆ ముంత లాబుకు పోతెనే నా షాపు నడుస్తది. పోయిందో లేదో అడగనీకె వచ్చిన."

"నువ్వు?"

"ఏడు నలభైకి. తిట్టనీకె వచ్చిన, తిట్టి పోయిన," అన్నాడు అభిలాష్ తండ్రి జంగయ్య. "ఈ ముసల్దే పారబోసి ఉంటది."

"నీ కొడుక్కు నేను విషం పెడ్తనా జంగయ్యా?" అన్నది గోపమ్మ. "నలభై ఏండ్ల సంది చూస్తున్నవు. ముందుగాల నా చేతికి రాసుకోనిదే ఒక్కనికన్న ఇచ్చిన్నా?"

"పోయి వాని మొఖం చూసి మాట్లాడు."

గోపమ్మ తల వంచుకుంది.

గోపమ్మ కోడలు సమత గుమ్మంలో నిలబడింది. చేవెళ్లలో ఒక మెడికల్ షాపులో పని చేస్తుంది. ఫోన్ చేసి పిలిపించారు. భుజానికి బ్యాగు అట్లాగే ఉన్నది.

"నేను ఏడు యాభైకి బస్సెక్కిన సార్. నాకేం తెల్వదు."

"సార్," అన్నాడు హరీష్ మెల్లగా, "మాస్కెందుకు, కరోనా మళ్లొచ్చిందా? గడ్డాలు గీసేటోన్ని, గోకుతుంటే నాకు తెల్వదా?"

జానీ మాస్కు పైకి లాక్కున్నాడు. గోపమ్మ మంచినీళ్ల గ్లాసు అందించింది. అప్పుడు చూశాడు.

ఆమె ఎడమ మణికట్టు లోపలి వైపు. రూపాయి బిళ్లంత చోటు. అక్కడ తోలు ఉల్లిపొరలాగా పలచబడింది. కింద నరాలు కనిపిస్తున్నాయి. చుట్టూ కమిలిన నీలం.

"ఇదేంది అవ్వా?"

"ముసలి తోలు బిడ్డా. జర తగిల్తే కములుతున్నది."

"కుడి చెయ్యి చూపు."

కుడి చేయీ ముసలిదే. ముడతలున్నాయి. పొర లేదు, నీలం లేదు.

పదకొండు ఇరవైకి ఫోటో డాక్టర్‌కు పంపాడు. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"స్టెరాయిడ్ క్రీమ్ అయి ఉంటుంది. నెలల తరబడి ఒకేచోట రాస్తే చర్మం ఇట్లా పలచబడుతుంది. తామర మీద పూస్తే ముందు ఎరుపు, దురద పోతాయి. లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది. ఏ ట్యూబో కనుక్కోండి, తొందరగా."

జానీ ఫోన్ పెట్టేశాడు.

"అవ్వా, వెనకట నీ పసరు ఎన్నొద్దులకు పని చేసేది?"

"నెల. ఒక్కోపాలి రెండు."

"నాకు మూడు రోజులల్ల తగ్గింది."

మాస్కు తీశాడు. గదవంతా ఎర్రటి చక్రాలు.

"అభిలాష్‌ను ఈడికి పంపింది నేనే, జంగన్నా."

జంగయ్య పైకి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. కొడతాడేమో అనుకున్నాడు జానీ. కొట్టినా బాగుండేది.

"హరీష్‌కు ముంత కావాలె. జంగన్నకు కావాలె. అవ్వ ముందే సంచిల పెట్టి ఉంచింది. ముంత పోవాలని కోరుకునేటోళ్లు ఇంక ఒక్కరే." సమత వైపు తిరిగాడు. "ట్యూబు పేరు చెప్పమ్మా. ఆ పిల్లగాని కన్ను దక్కాలె."

సమత బ్యాగు జిప్పు తీసింది. గుడ్డలో చుట్టిన ముంత. పక్కన నొక్కేసిన ట్యూబు.

"నెల రోజులు ఓపిక ఎవలకున్నది సార్? వారం పూసి, ఉట్టి ఆకు పసరని అత్తమ్మను చూసి నవ్వుతుండిరి. దసరా సంది కలుపుతున్న. మంచిగవుతున్నరనే అనుకున్న. పొద్దుగాల పారేద్దామని తీసిన. చేతులు రాలే."

జానీ పేరు చదివి డాక్టర్‌కు చెప్పాడు. పదకొండు ముప్పై ఒకటి.

గోపమ్మ తన మణికట్టునే చూసుకుంటోంది.

"నాకు తెల్వదనుకున్నవా పిల్లా? మా అత్త నేర్పిన పసరు మూడొద్దులల్ల మాన్పదని నాకెరుక. వాసన గుడ మారింది. గేటు దాకా మంది వస్తుంటే నోరు మూసుకున్న." కొంగుతో ముఖం తుడుచుకుంది. "రాస్కో జానీ. మొదలు నా పేరు రాయి."

జానీ కాగితం మీద అప్పటికే ఒక పేరు రాసి ఉంచాడు.

"పై గీత మీద జాగ లేదవ్వా," అన్నాడు.

అక్కడ ఉన్నది అతని పేరే.

అభిలాష్ కన్ను దక్కింది. చెంప మీద గుంటలు మిగిలాయి. జంగయ్య ఈనాటికీ జానీ నమస్తేకు చెయ్యి ఎత్తడు.

విన్నారు కదా. గుర్తు పెట్టుకోండి, ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడు సమత పేరు మరిచినా ఏం కాదు. చాయ్ హోటల్లో జానీ గడ్డం తడుముకున్న సంగతి మాత్రం వదిలిపెట్టకండి.